పై డివైస్ ఒక నేమ్‌స్పేస్‌లో, కింది డివైస్ ఇంకో నేమ్‌స్పేస్‌లో: ప్యాకెట్లు ఎటు పోతున్నాయి?

సూర్య_మాడ్యూల్

అందరికీ నమస్కారం. లినక్స్ 6.6 మీద ఒక చిన్న వర్చువల్ నెట్‌వర్క్ డివైస్ డ్రైవర్ రాస్తున్నాను. అది ఒక మామూలు ఈథర్‌నెట్ డివైస్ మీద కూర్చుంటుంది. బయటికి వెళ్లే ప్రతి ఫ్రేమ్‌కూ వరుస సంఖ్య ఉన్న చిన్న హెడర్ తగిలించి కింది డివైస్‌కు అప్పగిస్తుంది. అవతలి యంత్రంలో అదే డ్రైవర్ ఆ హెడర్ తీసేసి, దారిలో ఎన్ని ఫ్రేములు పోయాయో లెక్క చెబుతుంది.

రెండు డివైసులూ ఒకే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లో (సొంత డివైసులు, అడ్రసులు, రూట్లతో కెర్నల్ విడిగా ఉంచే నెట్‌వర్క్ ప్రపంచం) ఉన్నంతవరకు అంతా బాగుంది. పై డివైస్‌ను ఐపీ లింక్ సెట్ కమాండ్‌తో "టెస్ట్" అనే నేమ్‌స్పేస్‌లోకి పంపగానే తేడా వస్తోంది. టెస్ట్‌లో వేరే డివైసులేవీ లేకపోతే ప్యాకెట్లన్నీ డ్రాప్ కౌంటర్‌లోకి వెళ్తున్నాయి. టెస్ట్‌లో ముందే ఒక వెత్ (తీగకు రెండు చివరల్లా జంటగా పుట్టే వర్చువల్ డివైస్) ఉంటే మాత్రం, నా హెడర్ తగిలించిన ఫ్రేములు ఆ వెత్ గుండా బయటికి వస్తున్నాయి! దానికీ నా డ్రైవర్‌కూ ఏ సంబంధమూ లేదు. రెండోది చూశాక నిజంగా టెన్షన్ పట్టుకుంది. ఒక కంటైనర్ ట్రాఫిక్ సంబంధం లేని తీగలోకి వెళ్లడం మామూలు బగ్ కాదు కదా.

ఎక్కడ వెతకమంటారు?

భార్గవి_ఎన్

సూర్య గారూ, ప్యాకెట్ పంపే ఫంక్షన్‌లో కింది డివైస్‌ను ఎలా పట్టుకుంటున్నారు? పాయింటర్ దాచుకున్నారా, లేక పేరుతోనో, ఇండెక్స్ అనే డివైస్ నంబర్‌తోనో ప్రతిసారీ వెతుకుతున్నారా? దాదాపు ఊహించగలను గానీ మీరు చెబితే మేలు.

సూర్య_మాడ్యూల్

ఇండెక్స్ దాచుకున్నానండీ. న్యూలింక్‌లో (డివైస్ సృష్టించేటప్పుడు కెర్నల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్) యూజర్ ఇచ్చిన లింక్ ఇండెక్స్‌ను ప్రైవేట్ స్ట్రక్చర్‌లో పెడతాను. పంపేటప్పుడు డెవ్_నెట్(పై డివైస్) ఇచ్చే నేమ్‌స్పేస్‌లో ఆ ఇండెక్స్‌తో ఆర్‌సీయూ (లాక్ లేకుండా చదివే కెర్నల్ పద్ధతి) కింద వెతుకుతాను. రిఫరెన్స్ (వాడుతున్నంతసేపు డివైస్ పోకుండా ఆపే లెక్క) పట్టుకోనక్కర్లేదు, కింది డివైస్ పోతే వెతుకులాటే ఫెయిల్ అవుతుంది, క్రాష్ అయ్యే ప్రమాదం ఉండదు అని అలా రాశాను.

రాఘవ_డ్రైవర్స్

అదే మూలం. కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ చిక్కు మీ ఒక్క డ్రైవర్‌ది కాదు.

ఇంటర్ఫేస్ ఇండెక్స్ యంత్రం మొత్తానికి ఒక్కటే అన్న రోజులు పోయాయి. 2012లో వచ్చిన 3.7 కెర్నల్ నుంచి ఇండెక్సులు ఒక్కో నేమ్‌స్పేస్‌కూ విడివిడిగా పుడతాయి. ప్రతి నేమ్‌స్పేస్‌లో లూప్‌బ్యాక్ 1. ఆ తర్వాత అక్కడ పుట్టిన మొదటి డివైస్‌కు 2. మీ హోస్ట్‌లో ఈథర్‌నెట్ కార్డుకు కూడా 2 అయ్యుంటుంది. పై డివైస్ టెస్ట్‌లోకి వెళ్లగానే డెవ్_నెట్ టెస్ట్‌ను చూపిస్తుంది. అక్కడ 2 ఎవరు అంటే వెత్. మీ కోడ్ దాన్నే నమ్మి ఫ్రేమ్ అప్పగించింది. 2 అనే డివైసే లేకపోతే డ్రాప్. మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఈ ఒక్క కారణంతోనే వస్తాయి.

ఇక అసలు విషయం. నెట్‌వర్క్ డివైస్ ఒక క్షణంలో ఒకే నేమ్‌స్పేస్‌లో ఉంటుంది. దాని అడ్రసులు, రూట్లు, ఫైర్‌వాల్ నియమాలు అన్నీ ఆ నేమ్‌స్పేస్‌వే. కానీ వర్చువల్ డివైస్‌కు ఇంకో బంధం కూడా ఉంటుంది: తన ప్యాకెట్‌ను చివరికి ఎవరి చేతిలో పెట్టాలో ఆ చోటు. మెట్టినిల్లు ఒకటి, పుట్టిల్లు ఒకటి. డెవ్_నెట్ ఎప్పుడూ మెట్టినింటినే చెబుతుంది. పుట్టింటి సంగతి డ్రైవరే గుర్తుపెట్టుకోవాలి, కెర్నల్ మీ తరఫున గుర్తుపెట్టుకోదు.

టన్నెల్ డ్రైవర్లు చూడండి. ఐపీఐపీ, జీఆర్ఈ లాంటివి టన్నెల్ స్ట్రక్చర్‌లో నేమ్‌స్పేస్‌ను చూపే నెట్ అనే పాయింటర్‌ను విడిగా ఉంచుకుంటాయి. డివైస్ కంటైనర్‌లోకి పోయినా, బయటి హెడర్ తగిలించాక రూట్ వెతికేది ఆ దాచుకున్న నెట్‌లోనే. 5.6 కెర్నల్‌లో చేరిన వైర్‌గార్డ్ దీన్ని ఒక సదుపాయంగానే వాడుకుంటుంది. వైర్‌గార్డ్ డివైస్‌ను హోస్ట్‌లో సృష్టించి కంటైనర్‌లోకి పంపితే, ఎన్‌క్రిప్ట్ అయిన యూడీపీ ప్యాకెట్లు వెళ్లేది, వచ్చేది హోస్ట్ సాకెట్ గుండానే. కంటైనర్‌కు బయటి ప్రపంచానికి ఇంకే దారీ ఉండదు. నాకు లినక్స్ నెట్‌వర్కింగ్‌లో బాగా నచ్చే ఏర్పాట్లలో ఇదొకటి.

కాబట్టి మీరూ సృష్టించినప్పటి నెట్‌ను దాచుకుని, అందులో ఇండెక్స్ వెతకండి.

భార్గవి_ఎన్

రాఘవ గారు చెప్పిన మూలం సరైనదే. చివరి వాక్యంతో మాత్రం నేను ఏకీభవించను.

టన్నెల్‌కు కింద ఉండేది రూటింగ్ టేబులో సాకెట్టో. అవి నేమ్‌స్పేస్‌ను వదిలి కదలవు. అందుకే అక్కడ నెట్‌ను దాచుకోవడం సబబు. సూర్య గారి డ్రైవర్ కింద ఉన్నది ఒక డివైస్, రేపు అదీ ఇంకో నేమ్‌స్పేస్‌కు మారొచ్చు. అప్పుడు దాచుకున్న నెట్‌లో ఆ ఇండెక్స్ ఉండదు. అంతకంటే ఘోరం, ఆ ఇండెక్స్‌తో వేరే డివైస్ ఉండొచ్చు. డివైస్ మారినప్పుడు కొత్త చోట ఆ నంబర్ ఖాళీగా ఉంటే అదే ఉంచుతారు, లేకపోతే కొత్తది ఇస్తారు. ఇండెక్స్ మీద ఏ భరోసా పెట్టుకోలేం.

ఇంకో డివైస్ మీద కూర్చునే వీల్యాన్, మాక్‌వీల్యాన్ డ్రైవర్లు చేసే పద్ధతి వేరు. అవి కింది డివైస్ పాయింటర్‌నే పట్టుకుంటాయి, రిఫరెన్స్‌తో సహా. పుట్టింటి నేమ్‌స్పేస్ ఏది అని ఎవరైనా అడిగితే డెవ్_నెట్(కింది డివైస్) అని అప్పటికప్పుడు జవాబిస్తాయి. అది ఆర్‌టీఎన్ఎల్ లింక్ ఆప్స్‌లో (డివైస్ సృష్టి, తొలగింపు లాంటి పనులకు డ్రైవర్ ఇచ్చే ఫంక్షన్ల పట్టిక) గెట్_లింక్_నెట్ అనే కాల్‌బ్యాక్. సూర్య గారూ, మీరు దాన్ని తప్పకుండా పెట్టండి. పెట్టకపోతే టెస్ట్ లోపల ఐపీ లింక్ కమాండ్ మీ డివైస్ కింద ఉన్నది ఇండెక్స్ 2 అని చూసి, టెస్ట్‌లోని 2 పేరు చూపిస్తుంది. డ్రైవర్ సరిగ్గా పనిచేస్తున్నా చూసేవాళ్లు మోసపోతారు. పెడితే లింక్-నెట్‌ఎన్ఎస్ఐడీ అని పక్కన వస్తుంది, కింది డివైస్ వేరే నేమ్‌స్పేస్‌లో ఉందని అర్థమవుతుంది.

ఇంకొకటి. న్యూలింక్‌లో కింది డివైస్‌ను వెతికేటప్పుడు కూడా డెవ్_నెట్ వాడొద్దు. ఆ ఫంక్షన్‌కు మొదటి ఆర్గ్యుమెంట్‌గా సోర్స్ నెట్ (సృష్టించమని అడిగినవాళ్ల నేమ్‌స్పేస్) వస్తుంది కదా, అందులో వెతకాలి. సృష్టించేటప్పుడే ఎవరైనా నెట్‌ఎన్ఎస్ టెస్ట్ అని ఇస్తే, మీ పై డివైస్ పుట్టడమే టెస్ట్‌లో పుడుతుంది. అప్పుడు డెవ్_నెట్ వాడే కోడ్‌కు కింది డివైస్ దొరకదు.

రాఘవ_డ్రైవర్స్

భార్గవి గారు చెప్పిందే సరైనది. కింది డివైస్ కదిలే అవకాశం ఉన్నప్పుడు పాయింటరే మార్గం.

పద్మజ_ఆప్స్

నేను డ్రైవర్లు రాయను, సర్వర్లు చూసుకుంటాను. ఈ చర్చలో ఒక ప్రశ్న అడగొచ్చా? డివైస్‌ను నేమ్‌స్పేస్ మార్చినప్పుడల్లా ఐపీ అడ్రస్ పోతుంది, డివైస్ డౌన్ అయిపోతుంది. ఎమ్‌టీయూ, మ్యాక్ అడ్రస్ మాత్రం ఉంటాయి. కొన్ని పోవడం, కొన్ని ఉండడం దేన్నిబట్టి?

రాఘవ_డ్రైవర్స్

అడగొచ్చండీ, సూర్య గారికీ పనికొచ్చే ప్రశ్నే. కెర్నల్‌లో ఈ పని చేసే ఫంక్షన్ పేరు డెవ్_ఛేంజ్_నెట్_నేమ్‌స్పేస్. అది ఆర్‌టీఎన్ఎల్ లాక్ (నెట్‌వర్క్ సెట్టింగుల మార్పులకు ఉన్న ఉమ్మడి లాక్) పట్టుకుని ఉండగా నడుస్తుంది. ముందు ఈ డివైస్ కదలడానికి అనుమతి ఉందా, కొత్త చోట అదే పేరుతో ఇంకొకటి ఉందా అని చూస్తుంది. తర్వాత డివైస్‌ను మూసేస్తుంది, పాత జాబితాలోంచి తీస్తుంది, నడుస్తున్న ప్యాకెట్లన్నీ బయటపడే దాకా ఆగుతుంది. అప్పుడు "ఈ డివైస్ పోతోంది" అని అన్‌రిజిస్టర్ నోటిఫికేషన్ వేస్తుంది. ఐపీవీ4, ఐపీవీ6 కోడ్ అది విని తమ అడ్రసులు, రూట్లు, పొరుగు ఎంట్రీలు తుడిచేస్తాయి. క్యూయింగ్ డిసిప్లిన్లు (ప్యాకెట్లు పంపే క్రమాన్ని నిర్ణయించేవి) కూడా పోతాయి. చివరికి నెట్ పాయింటర్ మార్చి, కొత్త చోట "కొత్త డివైస్ వచ్చింది" అని రిజిస్టర్ నోటిఫికేషన్ వేస్తుంది.

అంటే పాత నేమ్‌స్పేస్ దృష్టిలో అది చనిపోయిన డివైస్, కొత్త నేమ్‌స్పేస్ దృష్టిలో అప్పుడే పుట్టిన డివైస్. మ్యాక్, ఎమ్‌టీయూ డివైస్ స్ట్రక్చర్‌లోనే ఉంటాయి కాబట్టి మిగులుతాయి. అడ్రసు, రూటు నేమ్‌స్పేస్‌కు చెందిన ప్రొటోకాల్ స్టాక్ ఆస్తి కాబట్టి పోతాయి. మీ స్క్రిప్టులో క్రమం ఎప్పుడూ ఇలా ఉండాలి: ముందు తరలించండి, తర్వాత అడ్రస్ పెట్టండి, తర్వాత అప్ చేయండి, చివర్లో రూట్లు. కొత్త నేమ్‌స్పేస్‌లో లూప్‌బ్యాక్ కూడా డౌన్‌లోనే పుడుతుంది, దాన్ని అప్ చేయడం చాలామంది మర్చిపోతారు.

సూర్య_మాడ్యూల్

భార్గవి గారు చెప్పినట్టు మార్చాను. పాయింటర్, రిఫరెన్స్, గెట్_లింక్_నెట్, సోర్స్ నెట్‌లో వెతకడం అన్నీ చేశాను. ప్యాకెట్లు ఇప్పుడు సరైన దారిలోనే వెళ్తున్నాయి. పై డివైస్‌ను ఎన్ని నేమ్‌స్పేసులు తిప్పినా ఇబ్బంది లేదు.

ఇప్పుడు తిరగేసి పరీక్షిస్తున్నాను. పై డివైస్ హోస్ట్‌లో, కింది డివైస్‌గా ఒక వెత్ టెస్ట్‌లో. టెస్ట్‌ను తీసేస్తే కెర్నల్ లాగ్‌లో అన్‌రిజిస్టర్_నెట్‌డివైస్, వెత్ ఖాళీ అయ్యేవరకు వెయిట్ చేస్తున్నాం, యూసేజ్ కౌంట్ ఇంత, అని మెసేజ్ ఆగకుండా వస్తోంది. రీబూట్ చేస్తే తప్ప పోవట్లేదు. ఆ తర్వాత ఏ నేమ్‌స్పేస్ తీసేసినా దానిలోని డివైసులు మాయమవట్లేదు. డివైసుల రాకపోకల వార్తలు వినే నోటిఫైయర్ పెట్టాను. ఇనిట్ నెట్‌కు (యంత్రం బూట్ అయినప్పటి మొదటి నేమ్‌స్పేస్, అంటే హోస్ట్‌ది) రిజిస్టర్ చేశాను, కింది డివైస్ పోతే పై డివైస్‌ను తీసేయాలని.

కిరణ్_టెస్ట్

ఈ మెసేజ్ కంటైనర్లు నడిపే ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. సాధారణంగా "lo" పేరుతో వస్తుంది, అంటే ఆ నేమ్‌స్పేస్ లూప్‌బ్యాక్‌ను ఎవరో పట్టుకుని వదల్లేదని. ఇక్కడ వెత్ పేరుతో వస్తోంది కాబట్టి అనుమానితుడు దగ్గరలోనే ఉన్నాడు.

సూర్య, 5.17 నుంచి రిఫరెన్స్ ట్రాకర్ ఉంది. నెట్_డెవ్_రెఫ్‌సీఎన్‌టీ_ట్రాకర్ కాన్ఫిగ్ ఆన్ చేసి కెర్నల్ కట్టుకో. డెవ్_హోల్డ్ బదులు నెట్‌డెవ్_హోల్డ్ వాడి ట్రాకర్ వేరియబుల్ ఇవ్వు. ఎవరు పట్టుకుని వదల్లేదో ఆ చోటు స్టాక్ ట్రేస్‌తో సహా లాగ్‌లో పడుతుంది. ఊహించుకుంటూ కూర్చునే పని ఉండదు.

భార్గవి_ఎన్

కిరణ్ గారు చెప్పిన ట్రాకర్ తప్పకుండా పెట్టండి. కారణం మాత్రం మీరు రాసిన చివరి వాక్యంలోనే ఉంది: ఇనిట్ నెట్‌కు రిజిస్టర్ చేశాను అన్నారు. ఒక నెట్‌కు రిజిస్టర్ చేసిన నోటిఫైయర్‌కు ఆ నెట్‌లోని డివైసుల వార్తలే వస్తాయి. వెత్ చనిపోయింది టెస్ట్‌లో. ఆ వార్త మీకు రాలేదు. మీ రిఫరెన్స్ అలాగే ఉండిపోయింది.

నేమ్‌స్పేస్‌ను చివరి వాడకందారు వదిలేశాక దాన్ని కూల్చే పని క్లీనప్_నెట్ చేస్తుంది. అది నెట్‌ఎన్ఎస్ అనే వర్క్‌క్యూలో (కెర్నల్ వెనకాల చేసే పనుల వరుస) ఒకే వరుసలో నడుస్తుంది. అక్కడ మీ వెత్ కోసం ఆగిపోయింది కాబట్టి వెనకాల వచ్చిన నేమ్‌స్పేసులన్నీ క్యూలో నిలబడ్డాయి. పాత కెర్నల్స్‌లో ఇంకా అన్యాయం, కొత్త నేమ్‌స్పేస్ సృష్టించడం కూడా ఆగిపోయేది.

మాక్‌వీల్యాన్ లాగా అన్ని నేమ్‌స్పేసుల వార్తలూ వచ్చే మామూలు రిజిస్టర్_నెట్‌డివైస్_నోటిఫైయర్ వాడండి. అన్‌రిజిస్టర్ వార్త రాగానే, ఆ డివైస్ మీద కూర్చున్న మీ డివైసులన్నిటినీ, అవి ఏ నేమ్‌స్పేస్‌లో ఉన్నా, ఒక జాబితాలో చేర్చి డెల్‌లింక్ (తొలగింపు) చేయండి. అంతా ఆర్‌టీఎన్ఎల్ కిందే జరుగుతుంది.

ఇక్కడ అతి ముఖ్యమైన షరతు ఒకటి ఉంది. రాఘవ గారు పైన చెప్పారు, డివైస్ కేవలం నేమ్‌స్పేస్ మారినప్పుడు కూడా అన్‌రిజిస్టర్ నోటిఫికేషనే వస్తుందని. అప్పుడు మీరు తొందరపడి పై డివైస్‌ను తీసేస్తే, కింది డివైస్‌ను తరలించిన ప్రతిసారీ యూజర్ డివైసులు మాయమవుతాయి. తేడా తెలుసుకోవడానికి కింది డివైస్ రెగ్_స్టేట్ (రిజిస్ట్రేషన్ స్థితి) చూడండి. నిజంగా పోతుంటే అది అన్‌రిజిస్టరింగ్ అని ఉంటుంది. తరలింపైతే రిజిస్టర్డ్ అనే ఉంటుంది, అప్పుడు ఏమీ చేయకుండా వదిలేయాలి. వీల్యాన్, మాక్‌వీల్యాన్ రెండింటిలోనూ ఈ తనిఖీ ఉంది, ఒకసారి చదవండి.

సూర్య_మాడ్యూల్

రెగ్_స్టేట్ విషయం నేను ఎక్కడా చదవలేదు. చాలా థాంక్స్ అండీ.

ఒక సందేహం. పుట్టింటి నేమ్‌స్పేస్ నా కంటే ముందు చనిపోకుండా గెట్_నెట్‌తో దాని రిఫరెన్స్ పట్టుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా?

భార్గవి_ఎన్

వద్దు. ముందు ఆ రిఫరెన్స్ మీకు అక్కర్లేదు, కింది డివైస్ ద్వారానే నెట్ తెలుస్తుంది కాబట్టి. పట్టుకుంటే ఏమవుతుందో చూడండి: పై డివైస్, కింది డివైస్ రెండూ టెస్ట్‌లోనే ఉన్నాయనుకుందాం. ప్రాసెసులన్నీ పోయాయి, పేరు తీసేశారు. కానీ మీ డివైస్ టెస్ట్‌ను పట్టుకుని ఉంది. టెస్ట్ కూలితే తప్ప మీ డివైస్ పోదు, మీ డివైస్ పోతే తప్ప టెస్ట్ కూలదు. ఎవరికీ కనిపించని నేమ్‌స్పేస్ మెమరీలో శాశ్వతంగా ఉండిపోతుంది. లాగ్‌లో ఒక్క ముక్క కూడా రాదు, అందుకే అది వెయిటింగ్ మెసేజ్ కంటే ప్రమాదం.

టన్నెల్ డ్రైవర్లు కూడా నెట్‌ను పాయింటర్‌గా దాచుకుంటాయే గానీ దాని ఆయుష్షు పొడిగించవు. పర్‌నెట్ ఆపరేషన్స్ (నేమ్‌స్పేస్ పుట్టినప్పుడు, కూలినప్పుడు కెర్నల్ పిలిచే ఫంక్షన్లు) రిజిస్టర్ చేసి, తమ పుట్టింటి నెట్ కూలుతున్నప్పుడు ఎగ్జిట్ కాల్‌బ్యాక్‌లో, వేరే నేమ్‌స్పేసులకు వెళ్లిపోయిన తమ డివైసులను కూడా వెతికి తీసేస్తాయి. మీకు కింది డివైస్ నోటిఫైయరే ఆ పని చేసిపెడుతుంది.

వివేక్_సిస్టమ్స్

అన్నీ చదివాను. నా మాట కొంచెం వేరు. కెర్నల్ సోర్స్‌లో లేని బయటి మాడ్యూల్‌కు ఇంత తలనొప్పి అవసరమా? డివైస్‌ను నేమ్‌స్పేస్ దాటకుండా కట్టేయొచ్చు. నెట్‌ఎన్ఎస్ లోకల్ ఫ్లాగ్ పెడితే తరలించబోయినవాళ్లకు ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్ ఎర్రర్ వస్తుంది, కథ అయిపోతుంది. లూప్‌బ్యాక్, బ్రిడ్జ్, బాండ్, వీఆర్‌ఎఫ్ అన్నీ అదే చేస్తున్నాయి.

రాఘవ_డ్రైవర్స్

వివేక్, ఆ డ్రైవర్లు ఎందుకు కట్టేసుకున్నాయో చూడాలి. బ్రిడ్జ్ అంటే దాని పోర్టుల సమూహం. బ్రిడ్జ్ ఒక్కటే వెళ్లి పోర్టులు ఇక్కడే ఉంటే దానికి అర్థం లేదు. వీఆర్‌ఎఫ్ అంటే ఒక నేమ్‌స్పేస్‌లోని రూటింగ్ టేబుల్‌కు తలుపు. లూప్‌బ్యాక్ ఆ నేమ్‌స్పేస్‌లో భాగమే. వాటికి తరలింపు అనేదే పొసగదు.

సూర్య డ్రైవర్ మాక్‌వీల్యాన్ జాతి. కింది డివైస్ హోస్ట్ దగ్గర ఉంచుకుని పైది కంటైనర్‌కు ఇవ్వడమే దాని అసలు ఉపయోగం. దాన్ని కట్టేస్తే మిగిలేది తక్కువ. పైగా కట్టేసినంత మాత్రాన నోటిఫైయర్ పని తప్పదు. కింది డివైస్‌ను ఎవరైనా తరలించకుండా మీ ఫ్లాగ్ ఆపలేదు కదా.

వివేక్_సిస్టమ్స్

కింది డివైస్ వైపు నుంచి నేను ఆలోచించలేదు, అది ఒప్పుకుంటాను. కానీ డ్రైవర్ మొదటి వెర్షన్‌లో ఫ్లాగ్ పెట్టి, పరీక్షలన్నీ పాసయ్యాక తీసేయడం మంచి అలవాటని ఇప్పటికీ అంటాను. ఒకసారి వదిలిన అనుమతిని వెనక్కి తీసుకోవడం కష్టం, యూజర్ల స్క్రిప్టులు విరిగిపోతాయి.

కొత్త కెర్నల్స్‌కు వెళ్లేటప్పుడు గమనించండి: ఆ ఫ్లాగ్ ఇంతకుముందు ఫీచర్ల జాబితాలో ఒక బిట్. 6.12లో దాన్ని అక్కడి నుంచి తీసి డివైస్ స్ట్రక్చర్‌లో సొంత బిట్ చేశారు.

కిరణ్_టెస్ట్

సూర్య, ఇంకో చోటు చూడు. ఫ్రేమ్ నేమ్‌స్పేస్ దాటుతున్నప్పుడు ఎస్‌కేబీలో (కెర్నల్‌లో ప్యాకెట్‌ను మోసే స్ట్రక్చర్) ఉన్న పాత సమాచారం ఏం చేస్తున్నావు? కంటైనర్ లోపల నెట్‌ఫిల్టర్ (కెర్నల్ ఫైర్‌వాల్) పెట్టిన మార్క్ అనే సంఖ్య, కనెక్షన్ ట్రాకింగ్ ఎంట్రీ ఉంటాయి. అవి అలాగే కింది డివైస్‌కు వెళ్తే, కంటైనర్ పెట్టిన మార్క్‌తో హోస్ట్‌లోని క్యూయింగ్ నియమాలు తప్పుదారి పట్టొచ్చు. మార్క్ విలువకు ఒక్కో నేమ్‌స్పేస్‌లో ఒక్కో అర్థం ఉంటుంది.

దీనికి ఎస్‌కేబీ_స్క్రబ్_ప్యాకెట్ ఉంది. రెండో ఆర్గ్యుమెంట్ నేమ్‌స్పేస్ దాటుతోందా లేదా అన్నది. కనెక్షన్ ట్రాకింగ్, పాత రూట్ ఎలాగూ తుడుస్తుంది. దాటుతోంది అంటే మార్క్, టైమ్‌స్టాంప్ కూడా తుడుస్తుంది. వెత్, ఐపీవీల్యాన్, టన్నెల్స్ అన్నీ దీన్నే వాడతాయి. దాటుతోందా లేదా అన్నది డివైస్ సృష్టించినప్పుడు లెక్కేసి దాచొద్దు. రెండు నేమ్‌స్పేసులు ఒకటేనా అని చెప్పే నెట్_ఈక్యూతో ప్రతి ప్యాకెట్‌కూ పోల్చు, డివైసులు కదులుతాయి కాబట్టి. ఆ పోలిక ఖర్చు చాలా తక్కువ.

పద్మజ_ఆప్స్

ఇది చదివాక నాకు పాత చిక్కు ఒకటి విడిపోయింది. కంటైనర్ లోపల ప్యాకెట్‌కు మార్క్ పెట్టి హోస్ట్‌లో ఆ మార్క్ మీద రూటింగ్ చేద్దామని చూస్తే ఎప్పుడూ సున్నానే కనిపించేది. వెత్ దాటగానే తుడిచేస్తుందన్నమాట.

ఇంకో రెండు అడుగుతాను. మొదటిది, కంటైనర్ తీసేసి వెంటనే అదే పేరుతో వెత్ సృష్టిస్తే అప్పుడప్పుడు "ఫైల్ ఎగ్జిస్ట్స్" అంటుంది. రెండోది, ఒక అసలు నెట్‌వర్క్ కార్డును కంటైనర్‌కు ఇచ్చాం. కంటైనర్ చచ్చిపోయాక కార్డు డెవ్6 అనే పేరుతో హోస్ట్‌లోకి వచ్చింది. ఎవరూ ఆ పేరు పెట్టలేదు.

కిరణ్_టెస్ట్

మొదటిది: నేమ్‌స్పేస్ పేరు తీసేయడం వేరు, అది కూలడం వేరు. కూల్చే పని వెనకాల వర్క్‌క్యూలో జరుగుతుందని భార్గవి గారు చెప్పారు. కంటైనర్ వైపు వెత్ చివర అప్పుడు పోతుంది, దానితో పాటు హోస్ట్ వైపు జోడీ పోతుంది. మీ స్క్రిప్ట్ అంతకంటే వేగంగా వచ్చేస్తోంది. నేమ్‌స్పేస్ కంటే ముందు హోస్ట్ వైపు చివరను మీరే డిలీట్ చేయండి. ఆ కమాండ్ తిరిగొచ్చేసరికి రెండు చివరలూ పోయి ఉంటాయి. స్లీప్ పెట్టి నెట్టుకురావద్దు. లోడ్ ఎక్కువైన రోజు అదీ చాలదు. ఏదైనా ప్రాసెస్ దగ్గర ఆ నేమ్‌స్పేస్ ఫైల్ డిస్క్రిప్టర్ మిగిలిపోయినా, ఇంకో మౌంట్ నేమ్‌స్పేస్‌లో బైండ్ మౌంట్ మిగిలిపోయినా ఎంతసేపటికీ కూలదు.

రాఘవ_డ్రైవర్స్

రెండోదానికి నేను చెబుతాను. నేమ్‌స్పేస్ కూలేటప్పుడు అందులో మిగిలిన డివైసులను కెర్నల్ రెండు రకాలుగా చూస్తుంది. ఆర్‌టీఎన్ఎల్ లింక్ ఆప్స్ ఉన్నవి, అంటే వెత్, మాక్‌వీల్యాన్ లాంటి సాఫ్ట్‌వేర్ డివైసులు, అక్కడే తీసేస్తుంది. అసలు హార్డ్‌వేర్‌ను తీసేయడం కుదరదు కాబట్టి ఇనిట్ నెట్‌కు తిరిగి పంపుతుంది. కార్డు పేరు అప్పటికే ఇనిట్ నెట్‌లో ఎవరిదైనా అయితే, డెవ్ అన్న మాట పక్కన దాని ఇండెక్స్ చేర్చి కొత్త పేరు పెడుతుంది. కంటైనర్ లోపల దాన్ని ఈథ్0 అని మార్చి ఉంటారు, హోస్ట్‌లో ఇంకో ఈథ్0 ఉండి ఉంటుంది. కంటైనర్ ఆపేముందు పాత పేరు పెట్టి మీరే వెనక్కి తెచ్చుకోవడం పద్ధతి.

ఈ రెండు రకాల విభజన ఒకచోట బెడిసికొట్టింది కూడా. క్యాన్ బస్ (వాహనాల్లో వాడే నెట్‌వర్క్) డివైసులు అసలు హార్డ్‌వేరే, కానీ సెట్టింగుల కోసం వాటికీ లింక్ ఆప్స్ ఉన్నాయి. కెర్నల్ వాటిని సాఫ్ట్‌వేర్ డివైసులనుకుంది. నేమ్‌స్పేస్‌తో పాటు హార్డ్‌వేర్ కూడా కనిపించకుండా పోయేది. తర్వాత లింక్ ఆప్స్‌లో నెట్‌ఎన్ఎస్_రిఫండ్ అనే ఫ్లాగ్ చేర్చి, అది ఉన్న డివైసులను వెనక్కి పంపేలా సరిచేశారు. సూర్యా, నీ డివైస్ పూర్తిగా సాఫ్ట్‌వేర్ కాబట్టి దీని జోలికి వెళ్లకు.

పద్మజ_ఆప్స్

రెండూ అర్థమయ్యాయి. ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని ఒక సంగతి: ఎన్ఎస్‌ఎంటర్ కమాండ్‌తో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ ఒక్కదానిలోకే వెళ్లి సిస్‌ఎఫ్‌ఎస్‌లో (డివైసుల వివరాలను ఫైళ్లుగా చూపే ఫైల్ సిస్టమ్) క్లాస్ నెట్ డైరెక్టరీ చూస్తే హోస్ట్ డివైసులే కనిపిస్తాయి. సిస్‌ఎఫ్‌ఎస్ మౌంట్ చేసినవాళ్ల నేమ్‌స్పేస్‌కు కట్టుబడి ఉంటుంది. ఐపీ నెట్‌ఎన్ఎస్ ఎగ్జెక్ తానే సిస్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ మౌంట్ చేస్తుంది కాబట్టి అందులో సరిగ్గా కనిపిస్తాయి. మా మానిటరింగ్ స్క్రిప్ట్ దీనివల్ల చాలాకాలం తప్పు డివైస్ లెక్కలు చూపించింది.

సూర్య_మాడ్యూల్

నోటిఫైయర్ మార్చాను, రెగ్_స్టేట్ తనిఖీ పెట్టాను, ఎస్‌కేబీ స్క్రబ్ చేర్చాను. ట్రాకర్ ఆన్ చేసిన కెర్నల్ మీద పరీక్షించాను. పై డివైస్‌ను తరలించడం, కింది డివైస్‌ను తరలించడం, రెండూ వేర్వేరు నేమ్‌స్పేసుల్లో ఉండగా ఒక్కోదాన్ని కూల్చడం, రెండూ ఒకే నేమ్‌స్పేస్‌లో ఉండగా కూల్చడం. లాగ్ శుభ్రంగా ఉంది. కింది డివైస్ తరలిన తర్వాత దాన్ని మళ్లీ అప్ చేసేవరకు పై డివైస్ క్యారియర్ డౌన్ అని చూపించేలా చేశాను. లేకపోతే పైవాళ్లకు ప్యాకెట్లు ఎందుకు పోవట్లేదో తెలియదు.

ఇదే మాడ్యూల్‌ను 6.15 మీద కంపైల్ చేస్తే న్యూలింక్ ఆర్గ్యుమెంట్లు సరిపోవట్లేదు. సోర్స్ నెట్ కనిపించట్లేదు. ఏమైనా మారిందా?

భార్గవి_ఎన్

మారింది, మంచికే. సోర్స్ నెట్, లింక్ నెట్ (కింది డివైస్ ఉన్న నేమ్‌స్పేస్ అని యూజర్ విడిగా చెప్పేది), ఆట్రిబ్యూట్లు అన్నీ ఒక పారామ్స్ స్ట్రక్చర్‌లో పెట్టి ఇస్తున్నారు. మీరు ఆర్‌టీఎన్ఎల్_న్యూలింక్_లింక్_నెట్ అనే సహాయ ఫంక్షన్‌ను పిలవండి. యూజర్ లింక్ నెట్ ఇస్తే అది, లేకపోతే సోర్స్ నెట్ వస్తుంది. పాత కోడ్‌లో సోర్స్ నెట్ వాడిన చోటల్లా ఇది పెడితే చాలు.

దీని వెనకాల ఇంకో మార్పు ఉంది. ఇంతకుముందు లింక్ నెట్ విడిగా ఇచ్చి డివైస్ సృష్టిస్తే, కెర్నల్ దాన్ని ముందు లింక్ నెట్‌లో పుట్టించి తర్వాత అసలు చోటికి తరలించేది. ఆ కొద్ది క్షణాల్లో లింక్ నెట్‌లో అదే పేరుతో ఇంకొకటి ఉంటే సృష్టే ఫెయిలయ్యేది. పైగా లింక్ నెట్‌లో వింటున్న ప్రోగ్రాములకు ఒక డివైస్ వచ్చి పోయినట్టు అనవసరపు వార్తలు వెళ్లేవి. ఇప్పుడు నేరుగా గమ్యంలోనే పుడుతుంది. అంటే మీ న్యూలింక్ నడిచేటప్పుడు డెవ్_నెట్, లింక్ నెట్ వేర్వేరుగా ఉండడం ఇక మామూలు విషయం. ఆ ఫంక్షన్‌లో డెవ్_నెట్ ఇంకెక్కడైనా మిగిలిందేమో ఒకసారి వెతకండి.

సూర్య_మాడ్యూల్

ఒకచోట మిగిలింది. ఒకే కింది డివైస్ మీద రెండుసార్లు సృష్టించకుండా చూసే తనిఖీ డెవ్_నెట్‌లోని డివైసులనే తిరుగుతోంది. కంటైనర్ నుంచి చేస్తే రెండోది కూడా పుట్టేస్తుంది. దాన్ని కింది డివైస్ దగ్గరే ఉన్న జాబితా మీదికి మారుస్తున్నాను. రెండు కెర్నల్స్ మీదా పరీక్షలు నడిపాక కోడ్ ఇక్కడే పెడతాను. భార్గవి గారూ, వీలైతే నోటిఫైయర్ భాగం ఒకసారి చూడండి.

భార్గవి_ఎన్

తప్పకుండా. పెట్టేటప్పుడు డెల్‌లింక్ ఫంక్షన్ కూడా కలిపి పెట్టండి, రిఫరెన్స్ ఎక్కడ వదులుతున్నారో రెండూ పక్కపక్కన చూస్తేనే తెలుస్తుంది.